ఉత్తుత్తి ఆఫీసుకు నేనే ఆఫీసర్ని

నేను ఆఫీసర్నయ్యేనాటికి నాకు ఒక్క అక్షరం రాదు. వచ్చిందల్లా మూడు పనులు: ఊడవడం, తుడవడం, గట్టిగా అరవడం. ఆ మూడో పనిని చూసే నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు.

యాకుత్‌పురా స్టేషన్ దిగి లోపలికొచ్చే గల్లీలో, పిండి గిర్ని పైన ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. కింద గిర్ని నడుస్తుంటే పైన నేల వణికేది. రాత్రికి రాత్రే టైపు మిషన్ల మీద సన్నటి జొన్నపిండి పరుచుకునేది. పొద్దున్నే దాన్ని బ్రష్షుతో దులపడం నా మొదటి పని. తర్వాత కుండలో నీళ్లు నింపడం, తప్పులు పడి పారేసిన కాగితాలు ఏరి కట్టకట్టడం. మా ఆయన రైల్వేలో పట్టాల పని చేసేవాడు. ఆయన డ్యూటీకి, నేను పిండి దులపడానికి ఒకే వేళకు బయల్దేరేవాళ్లం.

ఇన్‌స్టిట్యూట్ నడిపే సారు పాతకాలంలో ఒక పెద్ద ఆఫీసరు పేషీలో అసిస్టెంటుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎండాకాలంలో కూడా కోటు గుండీలు పెట్టుకునేవాడు. టైపు ఒక్కటే నేర్పి పంపడం ఆయనకు నచ్చేది కాదు.

"టైపు వేళ్లతోని కొట్టేది. నౌకరీ నోటితోని, కండ్లతోని, కాళ్లతోని జేసేది" అనేవాడు.

అందుకని రోజూ సాయంత్రం టైపు గంట అయ్యాక 'ఆఫీసు క్లాసు' పెట్టేవాడు. గది మూలకు ఒక బల్ల జరిపి, దాని మీద జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాన్ల దగ్గర కొన్న చచ్చిపోయిన టెలిఫోన్ పెట్టాడు. దాని వైరు బల్ల అంచు దాకా వచ్చి ఆగిపోయేది. పిలుపు గంట కోసం ఒక సైకిల్ గంటను చెక్కకు బిగించాడు. పిల్లలు వారానికొకరు చొప్పున అసిస్టెంటు అయ్యేవాళ్లు. మిగిలినవాళ్లు వచ్చేపోయే జనం. టపా వస్తే ఎట్లా విడదీయాలి, సంతకం కోసం కాగితాన్ని ఆఫీసరుకు ఏ చేతివైపు పెట్టాలి, ఫోన్ ఎత్తి ముందు ఏమనాలి, ఆఫీసరును కలవడానికి కుదరనప్పుడు వచ్చినవాళ్లను నొప్పించకుండా ఎట్లా పంపించాలి, ఇవన్నీ ఆడి చూపించాలి.

మొదట్లో ఆఫీసరు వేషం సారే కట్టేవాడు. అప్పుడు పిల్లల తప్పులు పట్టేవాళ్లు ఉండేవారు కాదు. పిల్లల్లో ఒకర్ని కూర్చోబెడితే మిగిలినవాళ్లు పకపక నవ్వేవాళ్లు. ఒకరోజు నేను మెట్ల మీద నిలబడి, తడి నేల తొక్కిన పిల్లల్ని పేరుపేరునా తిడుతున్నాను. సారు బయటికొచ్చి కాసేపు విన్నాడు.

"అక్కా, చీపురు అక్కడ వెట్టి ఇటు రా. కుర్చీల కూసో."

"నేనా? ఎందుకు సారూ?"

"నీ గొంతు అసలైన ఆఫీసర్ గొంతు. ఇరవై ఏండ్లు నేను గిసుంటి గొంతు కిందనే బతికిన."

అట్లా నేను ఆఫీసర్నయ్యాను. క్లాసు నడిచినంతసేపూ సారు కూడా నన్ను "మేడమ్" అనేవాడు. గంట కొట్టగానే ఒక పిల్లో పిల్లగాడో ఉరికి వచ్చి తలుపు దగ్గర నిలబడేవాళ్లు. 'మేడమ్ మీటింగ్‌లో ఉన్నారు' అని వాళ్లు బయట జనానికి చెబుతుంటే, నేను లోపల బల్ల వెనక చిక్కుడుకాయలు ఒలుచుకునేదాన్ని. మీటింగ్ అయ్యేసరికి కూర సిద్ధం. ఒకసారి ఒక పిల్లగాడు అర్జీదారు వేషంలో వచ్చి, పింఛను రావడం లేదని నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాకు జాలేసి, "పో నాయినా, రేపే ఇప్పిస్త" అన్నాను. సారు నెత్తి కొట్టుకున్నాడు.

"మేడమ్, ముందు కాగితం తెప్పించుకోవాలె. ఏడిస్తే పింఛన్లు ఇచ్చుకుంటపోతే సర్కారు ఏమైతది?"

సంతకం పెట్టడం కూడా నేర్పాడు. అక్షరాలు రావు కదా అంటే, "పెద్ద ఆఫీసర్ల సంతకాల ఏ అక్షరముంటదక్కా? ఒక్క చుట్టు చుట్టి గీత గుంజు" అన్నాడు. నేను జిలేబీ చుట్టినట్టు మూడు చుట్లు చుట్టి తోక లాగేదాన్ని. మా ఇంట్లో కూడా ఆ సంగతి తెలిసిపోయింది. మా ఆయన అన్నం పెట్టమని అడిగేటప్పుడు "ఆఫీసరమ్మా, మా అర్జీ జర సూడుండ్రి" అనేవాడు.

ఆ క్లాసులో సారు అన్నిటికన్నా ఎక్కువగా నేర్పాలనుకున్నది ఒకే ఒక్క మాట. 'ఒక్కసారి చూడండి సార్.' ఆఫీసరు తప్పు కాగితం మీద సంతకం పెట్టబోతుంటే అసిస్టెంటు అనవలసిన మాట అది.

"కలం కాగితాన్ని ముట్టకముందే అనాలె. ముట్టినంక అంటే అది సలహా గాదు, ఫిర్యాదు అయితది. టైపు తప్పులు రబ్బరుతోని దిద్దుకోవచ్చు. ఆఫీసర్ సంతకానికి రబ్బరు లేదు" అనేవాడు. ఆ మాట అనగలిగినవాళ్లకు ఎక్కడైనా నౌకరీ దొరుకుతుందని, అనలేనివాళ్లు ఎంత వేగంగా టైపు కొట్టినా దండగేనని ఆయన నమ్మకం.

ఉప్పుగూడ నుంచి ఒక అమ్మాయి వచ్చేది. సన్నగా, పొడుగ్గా, రెండు జడలు వేసుకుని ఉండేది. సర్కారు ఉత్తరాలు తెలుగులో రాయాలని అప్పుడప్పుడే చెప్పడం మొదలుపెట్టారు. సారు దూరం ఆలోచించి ఒక తెలుగు మిషను కొన్నాడు. ఆ మిషను మీద ఆ పిల్లను మించినవాళ్లు లేరు. కొడుతుంటే కింద గిర్నికి జోడుగా ఉండేది. నోరు మాత్రం లేచేది కాదు. ఎవరేమన్నా తల వంచుకుని "సరే సార్" అనేది. అప్పటికే రెండు చోట్ల ఇంటర్వ్యూలకు వెళ్లి వచ్చింది. రెండోచోట ఆ ఆఫీసరు విసుగెత్తి, "ఏమ్మా, నీకీ పని వస్తదా, రాదా?" అని అడిగితే, దానికీ "సరే సార్" అన్నదట.

వాళ్ల నాన్న కూలిపని చేసేవాడు. ఆయన చెప్పేశాడు. "దసరా దాంక సూస్త. నౌకరీ దొరికితే సరే, లేకుంటే మిషన్ బంద్. మీ అక్క లెక్క అగర్‌బత్తుల కార్ఖానకు పో." ఆ అక్క వేళ్లు మసిబారి ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఈ పిల్ల ఆ వేళ్లను చూసేది, తన వేళ్లను చూసుకునేది.

ఆ పిల్ల అసిస్టెంటుగా ఉన్న వారంలో నాకొక ఆపద వచ్చింది. క్లాసులో ఎప్పుడూ పళ్లికిలించే ఒక యువకుడు ఉండేవాడు. అతను ఏదో టైపు చేసి ఆమె చేతికిచ్చాడు. ఆమె తెచ్చి నా ఎడమ చేతివైపు పెట్టింది. నేను యథాప్రకారం కళ్లద్దాలు లేని కళ్లను కొంచెం చికిలించి, చదివినట్టు నటించి, జిలేబీ చుట్టేశాను.

మర్నాడు సారు ఆ కాగితం పట్టుకుని అందరిముందూ చదివాడు.

"రేపటి దినము సాయంత్రము ఆఫీసు సిబ్బంది యావన్మందికీ ఆఫీసరు గారు తమ సొంత ఖర్చుతోనూ, తమ స్వహస్తములతోనూ మిరపకాయ బజ్జీలు వేసి పెట్టవలెనని ఇందుమూలముగా ఉత్తర్వు చేయడమైనది."

గది గొల్లుమంది. నేను లేచి నిలబడ్డాను.

"ఎవడురా ఇది రాసింది?"

"రాసింది ఎవరైతేంది మేడమ్?" అన్నాడు సారు, మొహంలో నవ్వు లేకుండా. "సంతకం ఎవలది?"

"నాదే."

"మరి ఉత్తర్వు అమలు చెయ్యాలె. ఉత్తుత్తి ఆఫీసైనా ఆఫీసే గదా."

ఆ సాయంత్రం గిర్ని పక్కన కిరసనాయిలు స్టౌ పెట్టుకుని కూర్చున్నాను. శనగపిండికి దూరం పోనక్కర్లేదు, గిర్నివాడే పట్టి ఇచ్చాడు, వాడికీ నాలుగు బజ్జీలు పెట్టాలన్న షరతు మీద. పిల్లలంతా "మేడమ్, ఇంకోటి శాంక్షన్ చెయ్యుండ్రి" అంటూ పళ్లేలు చాపారు. ఆ పళ్లికిలించేవాడు ఎన్ని తిన్నాడో వాడికే తెలియదు. ఉప్పుగూడ పిల్ల మాత్రం మెట్ల మీద ఒక్క బజ్జీ చేతిలో పట్టుకుని, కొరకకుండా కూర్చుంది.

"ఏందే, కారమా?"

"లేదు పెద్దమ్మా."

"ఆ కాగితంల ఏముందో నీకు ముందే ఎరుకేనా?"

తల ఊపింది.

"మరి చెప్పొద్దా? నూనె పొగకు నా కండ్లు చూడు ఎట్లయినయో!"

"మీరు సంతకం పెడుతుంటే ఎట్ల చెప్పాలె పెద్దమ్మా? మీరు ఆఫీసర్ గదా."

నాకు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. చీపురు పట్టుకునే నన్ను చూసి కూడా భయపడిందంటే, నిజం ఆఫీసరు ముందు ఈ పిల్ల గతేమిటి అనిపించింది. నవ్వు ఆగాక అన్నాను.

"ఇగో బిడ్డా, ఇద్దరం ఒక మాట మీదికొద్దాం. నువ్వు నాకు చదువుడు నేర్పు, మళ్ల గిట్ల ఎవడన్న బజ్జీలు ఏపిస్తే ఊకోను. నేను నీకు నోరు తెరుసుడు నేర్పుత."

"నేనెవరికి నేర్పుత పెద్దమ్మా, నాకే రాదు."

"సరే అను. గా మాటైతే నీకు మస్తు వస్తది గదా."

"సరే" అంది. అప్పుడు బజ్జీ కొరికింది.

ఆ మర్నాటి నుంచి క్లాసు అయ్యాక మేమిద్దరం కాసేపు ఆగేవాళ్లం. పారేసిన టైపు కాగితాలే నా పలకలు. వాటి వెనకవైపు ఆమె పెద్ద పెద్ద అక్షరాలు రాసిచ్చేది. సున్న నాకు మొదటిరోజే వచ్చింది. 'ణ' చూపించినప్పుడు మాత్రం, "ఇది అక్షరమా, కిందపడ్డ సేమియానా?" అని అడిగాను. చదువు బుర్రకెక్కే వయసు కాదు నాది. రాత్రి నేర్చింది పొద్దున పిండితో పాటు దులిపేసినట్టు పోయేది. అయినా ఆ కాగితాలన్నీ ఆఫీసు ఉత్తరాలే కావడం వల్ల, నాకు 'అమ్మ', 'ఆవు' కన్నా ముందు 'అయ్యా', 'విషయము', 'తమ విధేయుడు' అని చదవడం వచ్చింది. మా ఆయనకు చూపిస్తే, "ఇంట్ల విధేయుడు నేనే గద, ఇంక కాగితమెందుకు?" అన్నాడు.

ఇక ఆమె చదువు. నేను ఆఫీసరుగా కూర్చుని కావాలనే తప్పులు చెప్పేదాన్ని. ఆదివారం నాడు ఆఫీసు తెరవాలని ఉత్తర్వు ఇచ్చాను. "సరే మేడమ్" అని కొట్టుకొచ్చింది. ఒకే గంటకు ఇద్దరు పెద్దమనుషుల్ని వేర్వేరు ఊళ్లలో కలుస్తానన్నాను. కొట్టుకొచ్చింది. నాకు పట్టుదల పెరిగి, "చార్మినార్‌ను రేపటికల్లా సికింద్రాబాద్ స్టేషన్ ముందటికి మార్చాలె అని రాసుకో" అన్నాను. రాసుకుంది. మిషను టకటకలాడింది. చార్మినార్‌ను మార్చే ఉత్తర్వు, కార్బన్ కాపీతో సహా, నా ఎడమ చేతివైపు వచ్చి కూర్చుంది.

"ఏందే ఇది! చార్మినార్ పోతే మనం గాజులు ఏడ కొనాలె?"

మొదటిసారి పకపక నవ్వింది. కానీ నోటి నుంచి ఆ మాట రాలేదు.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. కలం ఎత్తి, కాగితానికి జానెడు దూరంలో గాల్లోనే ఆపి, "ఏమన్న చెప్పేదున్నదా?" అని అడిగాను. ఆమె పెదాలు కదిలాయి. గొంతు పిల్లికూన అరిచినట్టు వచ్చింది. "ఒక్కసారి చూడండి మేడమ్." ఆ రోజు ఇద్దరం కింద దుకాణానికి పోయి సోడా తాగాం. అప్పటి నుంచి నేను కలం ఆపి అడిగితే ఆమె చెప్పేది. అడగకపోతే చెప్పేది కాదు.

సారు తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూసి పెదవి విరిచాడు. "అడిగే ఆఫీసర్ ఏ ఆఫీసుల ఉంటడక్కా? ఈ పిల్లకు కర్ర ఇచ్చి నడిపిస్తున్నవు. కర్ర తీస్తే పడతది."

"పడితే పడుతది సారూ, ముందైతే లేచి నిలబడ్డది గదా" అన్నాను. కానీ ఆయన మాట నన్ను వదల్లేదు. దసరా దగ్గరికి వస్తోంది.

అఫ్జల్‌గంజ్‌లో ఎండుమిరప, పసుపు టోకున అమ్మే ఒక సేటుకు అసిస్టెంటు కావాలని సారుకు కబురొచ్చింది. జిల్లాల్లో దుకాణదార్లకు తెలుగులో ఉత్తరాలు కొట్టాలి, ఫోన్లు చూసుకోవాలి, వచ్చేపోయేవాళ్లను చూసుకోవాలి. పిల్ల వాళ్ల నాన్న ఒక పెద్దమనిషి తోడుంటేనే పంపుతానన్నాడు. "ఆఫీసరమ్మనే తోలుకపో" అన్నాడు. నా హోదా ఉప్పుగూడ దాకా పోయిందని అప్పుడే తెలిసింది.

ఇద్దరం రిక్షాలో నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ చేరాం. సేటు దుకాణంలో కాలు పెట్టగానే మిరప ఘాటుకు నాకు తుమ్ములు పట్టుకున్నాయి. లోపల గద్దె మీద లావుపాటి సేటు, పక్కన బల్ల, బల్ల మీద తెలుగు మిషను. నన్ను గోడకానుకున్న బెంచీ మీద కూర్చోమన్నారు. మేం వెళ్లేసరికి సేటు ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"అరే భాయ్, జుమ్మా నాడు హమాలీలు రారు, నీకెరుక లేదా? శనివారమే లోడయితది. శనివారం!"

ఫోన్ పెట్టేసి పిల్లను పైనుంచి కిందికి చూశాడు. టైపుకు కూర్చోమన్నాడు. ఎవరో కరీంనగర్ దుకాణదారుకు ఉత్తరం చెప్పాడు. సరుకు శుక్రవారం లారీకి ఎక్కిస్తున్నామని, శనివారం అక్కడ దింపించుకోవాలని. మిషను టకటకలాడింది. ఒక్క అక్షరం తప్పు పడలేదని నేను బెంచీ మీంచే చెప్పగలను. ఆమె చేతుల చప్పుడు నాకు తెలుసు.

కాగితం తీసి సేటు ఎడమ చేతివైపు పెట్టి, ఒక అడుగు వెనక్కి నిలబడింది. సేటు కలం తీశాడు. జుమ్మా అంటే శుక్రవారమే, ఆ రోజు రాయడం తప్పని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు, ఫోన్ ఇద్దరం విన్నాం. ఆమె పెదాలు కదులుతున్నాయి. చప్పుడు రావడం లేదు. కలం కాగితం మీదికి దిగుతోంది.

ఆ క్షణాన నేనెక్కడున్నానో మరిచిపోయాను. యాకుత్‌పురాలో, నా కుర్చీలో ఉన్నాననుకున్నాను.

"ఏమన్న చెప్పేదున్నదా?" అని గదంతా మోగేటట్టు అడిగాను.

పిల్ల గిరుక్కున నావైపు తిరిగింది. సేటును వదిలేసి, బెంచీ మీద తుమ్ముతున్న నాకు, చేతులు కట్టుకుని చెప్పింది. "ఒక్కసారి చూడండి మేడమ్. జుమ్మా నాడు హమాలీలు రారు. సరుకు శనివారం గదా ఎక్కేది."

సేటు కలం గాల్లో ఆగింది. ఆమెను చూశాడు, నన్ను చూశాడు.

"యే కౌన్ హై?"

"మా ఆఫీసర్" అంది పిల్ల. అని నాలుక కరుచుకుంది.

"ఆఫీసర్? ఏ ఆఫీస్?"

నేను లేచి నిలబడ్డాను. ఏ ఆఫీసని చెప్పను? సైకిల్ గంట, చచ్చిన ఫోను, చిక్కుడుకాయలు అన్నీ చెప్పేశాను. సేటు గద్దె కదిలేటట్టు నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత మొహం మార్చాడు.

"మంచిగుంది. గానీ నాకు అసిస్టెంట్ ఒక్కతే గావాలె. ఈ అమ్మాయి నోరు తెరవనీకె నిన్ను గూడ బెంచీ మీద కూసొబెట్టుకోవాల్నా? ఇద్దరి జీతం నేనియ్య." అంటూ, పని అయిపోయినట్టు ఆ కాగితాన్నే ముందుకు లాక్కుని సంతకానికి కలం దించాడు.

నేను నోరు తెరవబోయాను. తెరిచి, చేత్తో మూసుకున్నాను. తుమ్ము వస్తున్నా ఆపుకున్నాను.

"ఆగుండ్రి సేటూ!"

ఆ గొంతు ఎవరిదో నాకు మొదట తెలియలేదు. పిల్ల ముందుకొచ్చి కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. కలం ముల్లు ఆమె వేలికి తగిలి నీలం చుక్క పడింది.

"అది శుక్రవారం కాగితమే. ఇంకా దిద్దలే. ఒక్కసారి చూడండి. నేను మళ్ల కొట్టి ఇస్త."

సేటు కలానికి టోపీ పెట్టాడు. మరిచిపోయి సంతకం పెట్టబోయాడో, పరీక్షకే పెట్టబోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత ఆ పిల్లే చెప్పింది, సేటుకు శుక్రవారం ఎప్పుడూ గుర్తుండదని.

"సోమవారం నుంచి రా" అన్నాడు. "ఆఫీసర్‌ను మాత్రం తోలుకరాకు. దుకాణంల తుమ్ములు ఎక్కువైతున్నయ్."

బయటికొచ్చాక పిల్ల నీలం చుక్క పడ్డ వేలిని రిక్షాలో యాకుత్‌పురా వచ్చేదాకా చూసుకుంటూనే ఉంది. నేను దారంతా తుమ్ముతూనే ఉన్నాను.

ఆమె క్లాసుకు ఆఖరిసారి వచ్చిన సాయంత్రం అందరూ మామూలు కన్నా బుద్ధిగా ఉన్నారు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. పళ్లికిలించేవాడే ఆ వారం అసిస్టెంటు. ఒక కాగితం తెచ్చి ఎడమ చేతివైపు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను కలం పక్కన పెట్టి, వేలు అక్షరాల కింద పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. గిర్ని ఆగిపోయింది. 'యావన్మంది' దగ్గర ఆగాను, 'స్వహస్త' దగ్గర చెమట పట్టింది, కానీ 'మిరపకాయ' మాత్రం ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టాను.

ఉప్పుగూడ పిల్ల వెనకనుంచి అంది. "ఒక్కసారి చూడండి మేడమ్. అదే పాత ఉత్తర్వు."

"చూసిన" అన్నాను. "దీంట్ల ఒక లైను తక్కువైంది. కొట్టు నాయినా. పిండి కలిపేదీ, స్టౌ ముందు కూసునేదీ అసిస్టెంటు."

వాడి పళ్లు మూతపడ్డాయి. వాడు పోయి ఆ లైను కొట్టి తెచ్చాడు. నేను మళ్లీ మొదటి నుంచి, వేలు పెట్టి, మొత్తం చదివాను. అప్పుడు జిలేబీ చుట్టాను.